యాక్షన్ కెమెరా కటకం మార్పిడి

యాక్షన్ కెమెరా కటకం మార్పిడి అనగా, చిన్నదైన యాక్షన్ కెమెరాలో తయారీదారుడు బిగించిన కటకాన్ని తొలగించి, దాని స్థానంలో వేరొక కటకాన్ని అమర్చుట. ఈ కెమెరాలను కటకం మార్చడానికి అనువుగా తయారు చేయరు. అయినప్పటికీ తక్కువ ధర కెమెరాలలో అధిక భాగం ఎం12 అనే చిన్న మర కటకాలనే వాడుతాయి కాబట్టి, సీసీ కెమెరాల కొరకు తయారైన కటకాలను వీటిలో బిగించుట సాధ్యమవుతుంది. గీతలు పడిన కటకాన్ని మార్చుటకు, చిత్రపు అంచులలో కనిపించే వంపును తొలగించుటకు, దూరపు వస్తువులను పెద్దవిగా చూచుటకు, అతి సమీపంలోని పురుగులను, ఆకులను చిత్రించుటకు ఈ మార్పిడి చేస్తారు. ఇందుకు కావలసిన ఖర్చు స్వల్పమే గాని, నీటి రక్షణ, వారంటీ, చిత్ర స్థిరీకరణ వంటి కొన్ని సౌకర్యాలను వదులుకొనవలసి ఉంటుంది.

చరిత్ర

శరీరానికి గాని, వాహనానికి గాని తగిలించుకొని చిత్రాలు తీయగల చిన్న కెమెరాలకు ప్రాచుర్యం కల్పించిన సంస్థ అమెరికాకు చెందిన గోప్రో. దీనిని 2002లో నిక్ వుడ్‌మన్ స్థాపించాడు. సముద్రపు అలలపై స్వారీ చేసేవారు తమ చిత్రాలను తామే తీసుకొనగల సాధనం కావాలన్నది ఆయన ఆలోచన. 2004లో వెలువడిన మొదటి కెమెరా 35 మి.మీ. ఫిల్ముతో పనిచేసేది. 2006లో డిజిటల్ కెమెరా వచ్చింది. తరువాతి కొన్ని సంవత్సరాలలో హెచ్.డి. వీడియో తీయగల కెమెరాలు వచ్చి, పర్వతారోహకులు, మోటారు సైకిలు ప్రయాణికులు, సినిమా సాంకేతికులు మొదలైనవారు వీటిని విరివిగా వాడసాగారు.

2014 ప్రాంతంలో చైనాకు చెందిన ఎస్‌జెక్యామ్ సంస్థ తయారు చేసిన ఎస్‌జె4000 అనే చవక కెమెరా ప్రపంచమంతటా వ్యాపించింది. దీనిలో నోవాటెక్ సంస్థ చిప్పు, ఆప్టినా సంస్థ తయారు చేసిన ఏఆర్0330 అనే సెన్సారు ఉండేవి. దీనిని పోలిన కెమెరాలు అనేక పేర్లతో బజారులోకి వచ్చాయి. 2015లో షావోమీ యీ కెమెరా విడుదలైంది. ధర తక్కువ కావడం వలన, పాడైనా పెద్ద నష్టం లేదన్న ధైర్యంతో, వీటిని విప్పి చూచుట, కటకాలు మార్చుట ఔత్సాహికులలో ఒక అభిరుచిగా మారింది.

కెమెరా లోపలి అమరిక

యాక్షన్ కెమెరాలో కాంతి మార్గం ఈ క్రింది భాగాలతో ఏర్పడుతుంది.

* కటకం: చిన్న లోహపు లేదా ప్లాస్టిక్ గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి అమర్చిన అనేక గాజు లేదా ప్లాస్టిక్ కటకాల సముదాయం. గొట్టం వెలుపలి భాగంలో మరచుట్లు ఉంటాయి.
* కటక పీఠం: లోపలివైపు మరచుట్లు గల చిన్న పెట్టె. ఇది సర్క్యూట్ పలకకు స్క్రూలతో బిగించబడి ఉంటుంది. బయటి కాంతి, ధూళి సెన్సారుపై పడకుండా కాపాడుతుంది.
* పరారుణ వడపోత: కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఆపివేసే పలుచని గాజు పలక. ఇది కొన్ని కెమెరాలలో కటకపు వెనుక భాగానికి, కొన్నింటిలో కటక పీఠం లోపల అతికించబడి ఉంటుంది.
* సెన్సారు: కటకం ఏర్పరచిన ప్రతిబింబాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చే పలక.

ఈ కెమెరాలలో ఫోకస్ చేసే మోటారు ఉండదు. కర్మాగారంలో కటకాన్ని సరియైన స్థానం వరకు తిప్పి, మరచుట్లపై జిగురు వేసి శాశ్వతంగా నిలిపివేస్తారు. నాభ్యంతరం చాలా తక్కువ కావడం వలన ఒకే స్థానంలో ఉంచినా సుమారు ఒక మీటరు నుండి అనంత దూరం వరకు అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. కటకం మార్చేవాడు ఈ కర్మాగారపు పనిని మళ్ళీ తన చేతితో చేయవలసి ఉంటుంది. ఈ పనిలో అసలైన కష్టం ఇదే.

మార్పిడికి కారణాలు

గీతలు, పగుళ్ళు: యాక్షన్ కెమెరా కటకం ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటుంది. రాళ్ళు, ఇసుక తగిలి గీతలు పడుతుంది. కెమెరాలోని మిగతా భాగాలన్నీ బాగున్నా ఈ ఒక్క కారణంతో అది పనికిరాకుండా పోతుంది.

వంపు: ఈ కెమెరాల ప్రకటనలలో 170 డిగ్రీల దృష్టికోణం అని వ్రాస్తుంటారు. ఇది సాధారణంగా చిత్రపు కర్ణం వెంబడి కొలిచినది. ఇంత విశాల దృశ్యాన్ని చిన్న సెన్సారుపై ఇముడ్చుటకు ఫిష్ ఐ కటకం వాడుతారు. దీనిలో ప్రతిబింబపు దూరం కోణానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందువలన స్తంభాలు, గోడలు, క్షితిజ రేఖ విల్లువలె వంగి కనిపిస్తాయి. సరళరేఖలను సరళంగా చూపే సాధారణ కటకంలో ప్రతిబింబపు దూరం కోణపు టాంజెంటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. కోణం 90 డిగ్రీలను సమీపించే కొద్దీ టాంజెంటు విలువ అపరిమితంగా పెరుగుతుంది కాబట్టి, ఆ పద్ధతిలో 170 డిగ్రీల దృశ్యాన్ని చూపుట ఆచరణలో సాధ్యం కాదు. అనగా వంపు పోవలెనంటే విశాల దృశ్యాన్ని కొంత వదులుకొనక తప్పదు.

దూరపు వస్తువులు: విశాల కటకంలో కొద్ది దూరంలోని మనిషి కూడా చిన్న చుక్కవలె కనిపిస్తాడు. పక్షులు, ఆటలు, వేదికపై కార్యక్రమాలు చిత్రించుటకు పొడవైన నాభ్యంతరం అవసరం.

అతి సమీప వస్తువులు: పూలు, పురుగులు, నాణెములు, పాత పత్రాలు మొదలైనవాటిని దగ్గరగా చిత్రించుటకు ఫోకస్ స్థానాన్ని మార్చవలెను.

ఎం12 కటకం

ఎం12 అనగా 12 మి.మీ. బాహ్య వ్యాసం గల మెట్రిక్ మర. వరుస మరచుట్ల మధ్య దూరం 0.5 మి.మీ. కాబట్టి కటకాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పితే అది 0.5 మి.మీ. ముందుకు గాని వెనుకకు గాని జరుగుతుంది. దీనిని ఎస్ మౌంట్ అని కూడా అంటారు. సీసీ కెమెరాలు, కారు కెమెరాలు, రోబోలు, పారిశ్రామిక పరికరాలు మొదలైన అనేక చోట్ల ఇదే కొలత వాడుకలో ఉండడం వలన, ఈ కటకాలు పలు నాభ్యంతరాలలో తక్కువ ధరకు లభిస్తాయి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ సామానుల బజారులలో సీసీ కెమెరాలు, వాటి విడిభాగాలు అమ్ముతారు.

అన్ని యాక్షన్ కెమెరాలలోనూ ఎం12 కటకమే ఉండదు. కొన్నింటిలో అంతకంటె చిన్న మరలు, కొన్నింటిలో మర లేకుండా జిగురుతోనే అతికించిన కటకాలు ఉంటాయి. కనుక కొత్త కటకం కొనుటకు ముందు పాతదానిని విప్పి, వెర్నియర్ కాలిపర్సుతో గొట్టం వ్యాసాన్ని కొలుచుట మంచిది.

నాభ్యంతరం, దృష్టికోణం

కటకం ఎంత విశాలమైన దృశ్యాన్ని చూపుతుందన్నది రెండు విషయాలపై ఆధారపడుతుంది: కటకపు నాభ్యంతరం, సెన్సారు వెడల్పు. వంపు లేని కటకానికి అడ్డ దృష్టికోణాన్ని ఈ విధంగా గణిస్తారు: సెన్సారు వెడల్పులో సగాన్ని నాభ్యంతరంతో భాగించి, వచ్చిన విలువ ఏ కోణపు టాంజెంటో కనుగొని, ఆ కోణాన్ని రెట్టింపు చేయవలెను. 4.8 మి.మీ. వెడల్పు గల సెన్సారుకు ఈ సూత్రం ప్రకారం వచ్చే విలువలు ఇవి.

| నాభ్యంతరం | అడ్డ దృష్టికోణం | 50 మీటర్ల దూరంలో కనిపించే వెడల్పు |
|---|---|---|
| 2.8 మి.మీ. | 81 డిగ్రీలు | 85.7 మీటర్లు |
| 4 మి.మీ. | 62 డిగ్రీలు | 60 మీటర్లు |
| 6 మి.మీ. | 44 డిగ్రీలు | 40 మీటర్లు |
| 8 మి.మీ. | 33 డిగ్రీలు | 30 మీటర్లు |
| 12 మి.మీ. | 23 డిగ్రీలు | 20 మీటర్లు |
| 16 మి.మీ. | 17 డిగ్రీలు | 15 మీటర్లు |
| 25 మి.మీ. | 11 డిగ్రీలు | 9.6 మీటర్లు |

సెన్సారు పెద్దదైతే ఇదే కటకం మరింత విశాల దృశ్యాన్ని చూపుతుంది. ఉదాహరణకు 6.17 మి.మీ. వెడల్పు గల సెన్సారుపై 8 మి.మీ. కటకం 33 డిగ్రీలకు బదులు 42 డిగ్రీలు చూపుతుంది.

కటకాన్ని ఎంచుకొనుట

నాభ్యంతరంతో పాటు ఈ క్రింది విషయాలను గమనించవలెను.

* ప్రతిబింబ వృత్తం: కటకం గుండ్రని ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. ఆ వృత్తం సెన్సారు కర్ణం కంటె చిన్నదైతే చిత్రపు మూలలు నల్లగా ఉంటాయి. చిన్న సెన్సారు కొరకు చేసిన కటకాన్ని పెద్ద సెన్సారుకు బిగించినపుడు ఇట్లు జరుగుతుంది. దీనికి విరుద్ధంగా చేస్తే ఇబ్బంది లేదు.
* కాంతి ద్వారం: ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే అంత ఎక్కువ కాంతి ప్రవేశిస్తుంది. ఈ కటకాలలో ద్వారపు పరిమాణాన్ని మార్చుటకు సాధారణంగా వీలుండదు. ఎఫ్/2 కటకం, ఎఫ్/2.8 కటకం కంటె సుమారు రెండు రెట్లు కాంతిని లోనికి పంపుతుంది.
* స్పష్టత: పాత సీసీ కెమెరాల కటకాలు తక్కువ చిత్రకణాలు గల సెన్సారుల కొరకు తయారైనవి. వాటిని అధిక చిత్రకణాలు గల సెన్సారుకు బిగిస్తే చిత్రం మసకగా ఉంటుంది. కటకంపై గాని, దాని వివరాలలో గాని ఎన్ని మెగాపిక్సెళ్ళకు తగినదో చూడవలెను.
* వెనుక దూరం: కటకపు వెనుక అంచుకు, సెన్సారుకు మధ్య ఉండవలసిన ఖాళీ. కటకపు వెనుక భాగం మరీ పొడవైతే ఫోకస్ కుదరకముందే అది వడపోతకు గాని, సెన్సారు గాజుకు గాని తగులుతుంది.
* బరువు, పొడవు: 16 మి.మీ., 25 మి.మీ. కటకాలు పొడవుగా ఉండి కెమెరా ముందు భాగం నుండి బయటికి వస్తాయి. చిన్న ప్లాస్టిక్ పీఠం వాటి బరువును మోయలేక ఒరిగితే చిత్రంలో ఒక ప్రక్క మాత్రమే స్పష్టంగా ఉంటుంది.

మార్చు విధానం

కావలసిన సామగ్రి: చిన్న స్క్రూడ్రైవర్లు, పలుచని ప్లాస్టిక్ పలక, హెయిర్ డ్రయ్యరు, మెత్తని గుడ్డ, ప్లయరు, రబ్బరు బ్లోయరు, కటకాలు తుడిచే గుడ్డ, తెల్ల కాగితం. విప్పిన స్క్రూలను కాగితంపై అవి ఉన్న స్థానాల క్రమంలో పెట్టుకొంటే తిరిగి బిగించునపుడు తికమక ఉండదు.

# ముందుగా కెమెరాను ఆపి, బ్యాటరీని, మెమరీ కార్డును తీసివేయవలెను. లిథియం బ్యాటరీ ఉండగా లోహపు పనిముట్లు లోపల పెట్టుట ప్రమాదకరం.
# ముందు పలకను తొలగించవలెను. కొన్ని కెమెరాలలో ఇది స్క్రూలతోనూ, కొన్నింటిలో జిగురుతోనూ బిగించబడి ఉంటుంది. జిగురు ఉన్నచోట హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వేడిచేసి, ప్లాస్టిక్ పలకతో మెల్లగా ఎత్తవలెను. లోహపు పనిముట్టు వాడితే సన్నని రిబ్బన్ తీగలు తెగే అవకాశం ఉంది.
# కటక గొట్టానికి, పీఠానికి మధ్య ఉన్న జిగురును గుర్తించవలెను. దానిపై వేడిగాలిని ఒకటి రెండు నిమిషాలు పంపితే అది మెత్తబడుతుంది. అధిక వేడి వలన ప్లాస్టిక్ పీఠం వంగిపోతుంది కాబట్టి మధ్య మధ్య ఆపుతూ చేయవలెను.
# గొట్టానికి గుడ్డ చుట్టి, ప్లయరుతో పట్టి, గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా తిప్పవలెను. కదలకపోతే బలం ప్రయోగించక, మళ్ళీ వేడిచేయవలెను. పీఠం పగిలితే కెమెరా మొత్తం నిరుపయోగమవుతుంది.
# కటకం బయటికి వచ్చుటకు ముందు కెమెరా ముఖాన్ని క్రిందికి త్రిప్పవలెను. అప్పుడు ఎండిన జిగురు పొడి సెన్సారుపై పడదు.
# రబ్బరు బ్లోయరుతో ధూళిని ఊదవలెను. నోటితో ఊదరాదు, సెన్సారును వ్రేలితో తాకరాదు.
# పాత కటకం వెనుక పరారుణ వడపోత అతికించి ఉన్నదా, లేక పీఠంలోనే ఉన్నదా చూచుకొనవలెను.
# కొత్త కటకాన్ని చేతితోనే మెల్లగా తిప్పుతూ ఎక్కించవలెను. మొదటి చుట్టులోనే బిగువుగా అనిపిస్తే మర అడ్డంగా పడినదని గ్రహించి, వెనుకకు తిప్పి మళ్ళీ ప్రారంభించవలెను.

పాత కటకాన్ని పారవేయక భద్రపరచవలెను. కొత్తది సరిపడనిచో తిరిగి బిగించుటకు అది ఉపయోగపడుతుంది.

ఫోకస్ కుదుర్చుట

కెమెరాను టీవీకి గాని, కంప్యూటరుకు గాని కలిపి, పెద్ద తెరపై చూస్తూ కటకాన్ని తిప్పుట ఉత్తమ పద్ధతి. కెమెరా వెనుకనున్న చిన్న తెరపై స్పష్టంగా కనిపించినది పెద్ద తెరపై మసకగా ఉండవచ్చును. పగటి వెలుగులో, దూరంగా ఉన్న విద్యుత్ స్తంభము, సెల్ టవరు, తాటిచెట్టు ఆకులు వంటి స్పష్టమైన గీతలు గల వస్తువును లక్ష్యంగా పెట్టుకొనవలెను.

కటకాన్ని ఎంత సూక్ష్మంగా తిప్పవలెనన్నది నాభ్యంతరంపై ఆధారపడుతుంది. పదవ తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో బోధించే కటక సూత్రంతోనే దీనిని లెక్కించవచ్చును. అనంత దూరానికి ఫోకస్ చేసిన కటకాన్ని 5 మీటర్ల దూరంలోని వస్తువుకు మార్చవలెనంటే, 2.8 మి.మీ. కటకాన్ని 0.0016 మి.మీ. మాత్రమే జరుపవలెను. 0.5 మి.మీ. మరలో ఇది సుమారు 1 డిగ్రీ త్రిప్పుటతో సమానం. అనగా రెండు స్థానాలకు తేడాయే కనిపించదు. అదే 12 మి.మీ. కటకమైతే 0.029 మి.మీ. జరుపవలెను, అనగా సుమారు 21 డిగ్రీలు త్రిప్పవలెను. ఇక్కడ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి సంబంధించిన మరొక విషయం, ఒకే స్థానంలో నిలిపివేసిన కటకం ఎంత దూరం నుండి అన్నిటిని స్పష్టంగా చూపగలదన్నది. కటకాన్ని ఒక నిర్దిష్ట దూరానికి ఫోకస్ చేస్తే, ఆ దూరంలో సగం నుండి అనంతం వరకు అన్నీ ఆమోదయోగ్యంగా కనిపిస్తాయి. ఎఫ్/2.8 ద్వారం, 0.004 మి.మీ. వరకు మసకను అంగీకరించవచ్చునన్న అంచనాతో ఆ దూరాలు సుమారుగా ఇట్లుంటాయి.

* 2.8 మి.మీ. కటకానికి 0.7 మీటరు
* 4 మి.మీ. కటకానికి 1.4 మీటర్లు
* 8 మి.మీ. కటకానికి 5.7 మీటర్లు
* 12 మి.మీ. కటకానికి 12.9 మీటర్లు
* 16 మి.మీ. కటకానికి 22.9 మీటర్లు

కాబట్టి 4 మి.మీ. కటకం బిగించిన కెమెరాను పూర్వమువలె ఫోకస్ గురించి ఆలోచించకుండా వాడుకొనవచ్చును. 16 మి.మీ. కటకం బిగించినచో 11 మీటర్ల లోపలి వస్తువులు మసకబారుతాయి. అది ఇక అన్ని పనులకు పనికివచ్చే కెమెరా కాదు, దూరపు దృశ్యాలకే ప్రత్యేకించిన కెమెరా.

ఫోకస్ కుదిరిన తరువాత బిగింపు వలయం ఉన్న కటకమైతే దానిని బిగించవలెను. లేనిచో మరచుట్ల అంచున చిన్న జిగురు చుక్క పెట్టవలెను. ఆవిరి వదిలే త్వరిత జిగురులు కటకంపై తెల్లని పొరను ఏర్పరుస్తాయి కాబట్టి వాటిని వాడరాదు. మరకు పలుచని టెఫ్లాన్ టేపు చుట్టి బిగువు కల్పించే పద్ధతి కూడా ఉన్నది. దీని వలన తరువాత మళ్ళీ తిప్పుకొనే అవకాశం ఉంటుంది.

పరారుణ వడపోత

సెన్సారులోని సిలికాన్ పదార్థం కంటికి కనిపించే కాంతినే గాక, సుమారు 1000 నానోమీటర్ల వరకు పరారుణ కిరణాలను కూడా గ్రహిస్తుంది. వడపోత లేనిచో రంగులు తారుమారవుతాయి. నల్లని బట్టలు ఊదారంగులోకి, పచ్చని ఆకులు పాలిపోయిన గులాబీ రంగులోకి మారుతాయి. రాత్రివేళ పనిచేసే సీసీ కెమెరాల కొరకు తయారైన కటకాలలో ఈ వడపోత ఉండదు. పాత కటకానికి అతికి ఉన్న వడపోతతో సహా తొలగించి, వడపోత లేని కటకాన్ని బిగించుట ఈ మార్పిడిలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య. సుమారు 650 నానోమీటర్ల వద్ద కాంతిని ఆపే వడపోత గల కటకాన్ని కొనుట దీనికి పరిష్కారం. వడపోతను వేరుగా అతికిస్తే గాజు మందంలో మూడవ వంతు మేరకు ఫోకస్ స్థానం వెనుకకు జరుగుతుంది. కావున వడపోతను అమర్చిన తరువాతనే ఫోకస్ కుదుర్చుకొనవలెను.

కొందరు ఈ వడపోతను కావాలనే తొలగిస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకొంటుంది. ఆకు లోపలి కణాల అమరిక సమీప పరారుణ కిరణాలను బలంగా పరావర్తనం చేస్తుంది. ఈ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను వృక్ష సూచికగా వ్యవసాయ, ఉపగ్రహ పరిశోధనలలో వాడుతారు. ప్రత్యేక వడపోత గల కటకాన్ని చవక కెమెరాకు బిగించి ఇటువంటి చిత్రాలు తీయవచ్చును. అమెరికాలోని పబ్లిక్ ల్యాబ్ అనే సంఘం 2013లో ఇన్‌ఫ్రాగ్రామ్ పేరుతో ఇదే సూత్రంపై పనిచేసే చవక కెమెరాను ప్రజలలోకి తెచ్చింది. అయితే కొలతలు సరిచూడని కెమెరా ఇచ్చే విలువలు ఒకే చిత్రంలోని రెండు మడులను పోల్చుటకు మాత్రమే పనికివస్తాయి. వేరువేరు రోజులలో తీసిన చిత్రాలను పోల్చుటకు అవి చాలవు.

తెలంగాణ ప్రాంతంలో ఉపయోగాలు

నెల్లికుదురు మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. అంతకు పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండేది. వరి, పత్తి, మిరప ఈ జిల్లాలోని ముఖ్యమైన పంటలు. ఈ ప్రాంతంలోని పంటలకు, కట్టడాలకు, ప్రకృతికి అన్వయించి చూస్తే కటకం ఎంపికలోని లాభనష్టాలు తేలికగా బోధపడతాయి.

మిరప పైరు: 2021-22 పంటకాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో మిరప తోటలను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. పూతలో దాగి ఉండే ఈ పురుగు సుమారు 1 మి.మీ. పొడవు ఉంటుంది. 8 మి.మీ. కటకాన్ని అనంత ఫోకస్ స్థానం నుండి ఒక పూర్తి చుట్టు బయటికి తిప్పితే సుమారు 13.6 సెం.మీ. దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు చుట్లు తిప్పితే ఆ దూరం 7.2 సెం.మీ.కు తగ్గుతుంది. ఒక్కొక్క చిత్రకణం 2.2 మైక్రాన్లు ఉన్న సెన్సారుపై, మొదటి స్థానంలో ఈ పురుగు 28 చిత్రకణాల పొడవుతోనూ, రెండవ స్థానంలో 57 చిత్రకణాల పొడవుతోనూ పడుతుంది. పూవులో పురుగు ఉన్నదని, దాని రంగు ఇట్టిదని, అది కదులుతున్నదని చూచుటకు ఇది సరిపోతుంది. కాని అది ఏ జాతికి చెందినదో నిర్ధారించుటకు చాలదు. అందుకు సూక్ష్మదర్శిని, కీటక శాస్త్రజ్ఞుల పరిశీలన అవసరం. మందు ఎంపిక పురుగును సరిగా గుర్తించుటపైనే ఆధారపడుతుంది కాబట్టి ఈ పరిమితిని మరువరాదు.

కట్టడాలు: ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయం 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇటువంటి ఆలయాల స్తంభాలను ఫిష్ ఐ కటకంతో తీస్తే వంగి కనిపిస్తాయి. వంపు లేని 4 మి.మీ. కటకం స్తంభాలను నిటారుగా చూపుతుంది. పైకప్పు అంచుల క్రింద ఉన్న మదనికల శిల్పాలను నేలపై నుండి చిత్రించుటకు 12 మి.మీ. లేదా 16 మి.మీ. కటకం తగినది.

పక్షులు: వరంగల్లు జిల్లాలోని పాకాల చెరువు కాకతీయుల కాలం నాటిది. దాని చుట్టూ అభయారణ్యం ఉన్నది. 50 మీటర్ల దూరంలో నిలిచిన అర మీటరు పక్షి, 1920 చిత్రకణాల వెడల్పు గల వీడియోలో 2.8 మి.మీ. కటకంతో 11 చిత్రకణాలు మాత్రమే ఆక్రమిస్తుంది. 25 మి.మీ. కటకంతో 100 చిత్రకణాలు ఆక్రమిస్తుంది. మొదటిది చుక్క, రెండవదానిలో ముక్కు, కాళ్ళు గుర్తించవచ్చును.

జాతరలు: రెండేళ్ళకు ఒకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వంటి జనసమూహాలలో విశాల కటకమే ఉపయోగకరం. ఇక్కడ కటకం మార్చకుండుటయే మేలు.

మార్పిడి వలన నష్టాలు

* వారంటీ రద్దవుతుంది.
* నీరు చొరని పెట్టెలోకి పొడవైన కటకం పట్టదు. పెట్టె లేకుండానే నీటిని తట్టుకొనే కెమెరాలు ఒకసారి విప్పిన తరువాత ఆ గుణాన్ని కోల్పోతాయి. వర్షంలోనూ, చెరువులోనూ వాడవలసిన కెమెరాకు కటకం మార్చరాదు.
* ఎలక్ట్రానిక్ చిత్ర స్థిరీకరణ అసలు కటకపు దృష్టికోణాన్ని ఆధారం చేసుకొని లెక్కలు వేస్తుంది. కటకం మారితే ఆ లెక్కలు తప్పి చిత్రం అదురుతుంది. అందువలన ఆ సౌకర్యాన్ని ఆపివేయవలెను.
* కెమెరాలోనే వంపును సవరించే ఏర్పాటు ఉంటే, అది వంపు లేని కటకపు చిత్రాన్ని వ్యతిరేక దిశలో వంచుతుంది. దీనిని కూడా ఆపివేయవలెను.
* పొడవైన నాభ్యంతరంతో చేతి వణుకు పెద్దదిగా కనిపిస్తుంది. సెన్సారు చిత్రాన్ని వరుస వెంట వరుసగా చదువుతుంది కాబట్టి, మోటారు సైకిలుపై బిగించినపుడు దృశ్యం జెల్లీవలె ఊగుతుంది. 12 మి.మీ. పైబడిన కటకాలకు ట్రైపాడ్ తప్పనిసరి.

ఇతర మార్గాలు

కెమెరాను విప్పకుండానే కొన్ని ఫలితాలు సాధించవచ్చును. దృష్టికోణాన్ని తగ్గించే ఏర్పాటు కొన్ని కెమెరాల మెనూలోనే ఉంటుంది. ఇది సెన్సారు మధ్య భాగాన్ని మాత్రమే వాడుతుంది కాబట్టి స్పష్టత కొంత తగ్గుతుంది. తీసిన వీడియోలోని వంపును కంప్యూటరులో సవరించవచ్చును. సమీప చిత్రాల కొరకు కటకం ముందు తగిలించే కుంభాకార కటకాలు కూడా దొరుకుతాయి.

మరింత పెద్ద మార్పు కోరేవారు కెమెరా ముందు భాగాన్ని తొలగించి, సీ మౌంట్ కటకాలు పట్టే లోహపు చట్రాన్ని బిగిస్తారు. సీ మౌంటులో కటకపు అంచు నుండి సెన్సారు వరకు దూరం 17.526 మి.మీ. ఉండవలెను. తయారీదారులు కూడా క్రమంగా ఈ అవసరాన్ని గుర్తించారు. గోప్రో సంస్థ 2020లో హీరో9 కెమెరాకు బయటినుండి తగిలించే విశాల కటకాన్ని, 2024లో హీరో13 కెమెరాకు సమీప చిత్రాల కటకంతో సహా పలు రకాల మార్చదగిన కటకాలను విడుదల చేసింది. హీరో13 తనకు ఏ కటకం తగిలించబడినదో తానే గుర్తించి, అందుకు తగినట్లు లెక్కలను మార్చుకొంటుంది.

మరమ్మత్తు, పర్యావరణం

గీత పడిన చిన్న కటకం కారణంగా కెమెరా మొత్తాన్ని పారవేస్తే, దానిలోని లిథియం బ్యాటరీ, సర్క్యూట్ పలక ఎలక్ట్రానిక్ వ్యర్థాలలో చేరుతాయి. భారతదేశంలో 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వస్తువులను బాగుచేసుకొనే హక్కుకు సంబంధించి 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక పోర్టలును ప్రారంభించింది. కటకం మార్పిడి వంటి చిన్న మరమ్మత్తులు వస్తువు ఆయుష్షును పెంచుతాయి. విద్యార్థులకు కటక సూత్రం, వక్రీభవనం, పరారుణ కిరణాలు వంటి పాఠ్యాంశాలను చేతితో చేసి తెలుసుకొనే అవకాశం కూడా దీని వలన కలుగుతుంది. పాడైపోయిన కెమెరాతో మొదట అభ్యాసం చేసి, తరువాతనే పనిచేస్తున్న కెమెరాను విప్పుట మంచిది.

ఇవి కూడా చూడండి

* కటకం
* నాభ్యంతరం
* డిజిటల్ కెమెరా
* పరారుణ కిరణాలు
* రామప్ప దేవాలయం
* నెల్లికుదురు